డ్రైవ్‌లో ఇరుక్కున్న డిస్క్‌ను బయటికి తీయడం ఎలా?

2000 తర్వాత ఓ పదిహేనేళ్లలో పెళ్లయినవాళ్ల ఇళ్లల్లో, బీరువాలో పట్టుచీరల కింద ఎక్కడో ఒక డీవీడీ ఉంటుంది. ఫొటో స్టూడియోవాళ్లు ఇచ్చింది. పైన వధూవరుల ఫొటోతో గుండ్రటి స్టిక్కర్. పిల్లలు "మీ పెళ్లి చూస్తాం" అని పట్టుబడితే అటక మీది పాత కంప్యూటర్ దించి, దుమ్ము దులిపి, డిస్క్ పెట్టి ట్రే మూస్తాం. గర్రుమని చప్పుడు వస్తుంది గానీ బొమ్మ రాదు. బటన్ నొక్కితే ట్రే కూడా రాదు. ఇంకో నాలుగుసార్లు నొక్కాక ఇంట్లో ఎవరో ఒకరు స్క్రూడ్రైవర్ పట్టుకొస్తారు.

ఆ స్క్రూడ్రైవర్‌ని కాసేపు పక్కన పెట్టించండి. ఇలా ఇరుక్కున్న డిస్కుల్లో చాలావాటికి దాని అవసరం రాదు. ఒక జెమ్ క్లిప్, కాస్త ఓపిక ఉంటే చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీరు కాపాడుకోవాల్సింది డిస్క్‌నా, డ్రైవ్‌నా? పెళ్లి డీవీడీ అయితే డిస్కే ముఖ్యం. డ్రైవ్ పోతే ఇంకోటి కొనుక్కుంటాం, ఆ పెళ్లి మళ్లీ షూట్ చేయించలేం కదా. అవసరమైతే డ్రైవ్‌ని విప్పి ముక్కలు చేసైనా డిస్క్ దక్కించుకోవచ్చు. గేమ్ కన్సోల్ దగ్గర లెక్క తిరగబడుతుంది. గేమ్ డిస్క్ సెకండ్‌హ్యాండ్‌లోనైనా దొరుకుతుంది. ప్లేస్టేషన్ 4 లాంటి వాటిలో డ్రైవ్ సర్క్యూట్ బోర్డు ఆ కన్సోల్ మదర్‌బోర్డుతో జత చేసి ఉంటుంది. ఇంకో కన్సోల్ డ్రైవ్ తెచ్చి బిగించినా, పాత బోర్డు దానికి మార్చకపోతే గేములు చదవదు. అందుకని అక్కడ మొండిగా లాగే పని పెట్టుకోకూడదు.

ముందు చెవి పెట్టి వినండి

ఈజెక్ట్ బటన్ ఒకసారి నొక్కి, డ్రైవ్ దగ్గర చెవి పెట్టండి. రోగం ఏమిటో సగం అక్కడే తెలుస్తుంది.

లైటూ లేదు, చప్పుడూ లేదంటే డ్రైవ్‌కి కరెంటే అందడం లేదు. క్యాబినెట్ లోపల పవర్ కేబుల్ వదులై ఉంటుంది. పాత కంప్యూటర్ని అటక మీంచి దించేటప్పుడు ఇది మామూలే.

లైటు వెలుగుతోంది, నొక్కినా ఉలుకూ పలుకూ లేదంటే అనుమానించాల్సింది సాఫ్ట్‌వేర్‌ని. ఏదో ప్రోగ్రామ్ డిస్క్‌ని పట్టుకుని వదలడం లేదు.

డిస్క్ తిరిగి, ఆగి, మళ్లీ తిరుగుతూ టక్ టక్‌మంటోందంటే డ్రైవ్ ఆ డిస్క్‌ని చదవడానికి పదే పదే ప్రయత్నిస్తోంది. గీతలు పడ్డ డిస్కులతో ఇలా జరుగుతుంది. ఆ ప్రయత్నం ముగిసేదాకా కొన్ని డ్రైవ్‌లు మీ బటన్‌ని పట్టించుకోవు. రెండు మూడు నిమిషాలు ఊరికే కూర్చోండి. బటన్ మీద తబలా వాయించినా ప్రయోజనం లేదు.

లోపల చిన్న మోటార్ జుయ్‌మంటుంది, ట్రే మాత్రం కదలదు, లేదా వెంట్రుకవాసి కదిలి ఆగిపోతుంది. పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో ఎక్కువగా చూసేది ఇదే. ట్రేని తోసే మోటార్‌కీ పళ్లచక్రానికీ మధ్య చిన్న రబ్బర్ బెల్ట్ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగి జారిపోతుంది. దానికి తోడు, డిస్క్‌ని పైనుంచి అదిమిపట్టే బిళ్ల అయస్కాంతంతో పనిచేస్తుంది. ట్రే కదలాలంటే ముందు ఆ అయస్కాంతం పట్టు విడిపించాలి, సాగిన బెల్ట్‌కి అంత సత్తువ ఉండదు.

ట్రే అంగుళం బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతోందంటే డిస్క్ తన గుంటలో సరిగా కూర్చోలేదు, లేదా దాని స్టిక్కర్ అంచు లేచి పైన తగులుకుంటోంది.

గలగలమని ముక్కల చప్పుడు వస్తే వెంటనే స్విచ్ కట్టేసి, కింద పగిలిన డిస్క్ గురించి రాసిన చోటికి వెళ్లిపోండి.

ఏ పనిముట్టూ లేకుండా చేసి చూడాల్సినవి

విండోస్‌లో అయితే 'దిస్ పీసీ' తెరిచి, డీవీడీ డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'ఈజెక్ట్' నొక్కండి. అంతకంటే ముందు వీఎల్‌సీ లాంటి ప్లేయర్లన్నీ మూసేయండి. డిస్క్ రాసే ప్రోగ్రామ్ నడుస్తుంటే అది మధ్యలో ఎవరూ తీయకుండా కావాలనే ట్రేకి తాళం వేస్తుంది. దాన్ని పూర్తిగా మూసేదాకా డ్రైవ్ బటన్ పనిచేయదు. లైనక్స్‌లో టెర్మినల్ తెరిచి ఈజెక్ట్ అనే కమాండ్ కొడితే సరిపోతుంది.

అలా రాకపోతే రీస్టార్ట్ చేయండి. స్క్రీన్ మీద కంపెనీ లోగో కనిపించగానే, విండోస్ ఇంకా మొదలుకాకముందే, బటన్ నొక్కండి. ఆ నాలుగైదు సెకన్లలో ఏ ప్రోగ్రామూ తాళం వేసి ఉండదు కాబట్టి ట్రే తెరుచుకుంటుంది. నాకు చాలాసార్లు ఇక్కడితోనే పని అయిపోయింది.

క్యాబినెట్ పక్క మూత తీయడం మీకు అలవాటే అయితే ఇంకో మార్గముంది. కంప్యూటర్ ఆపేసి, ప్లగ్ తీసి, డ్రైవ్ వెనక ఉన్న డేటా కేబుల్ ఒక్కటే ఊడదీయండి. పవర్ కేబుల్ అలాగే ఉంచి మళ్లీ ఆన్ చేసి బటన్ నొక్కండి. ట్రే తెరుచుకోవడానికి డ్రైవ్‌కి కరెంటు చాలు, కంప్యూటర్ మాట అక్కర్లేదు. ఇప్పుడూ రాలేదంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, లోపలి యంత్రానిది.

జెమ్ క్లిప్ వైద్యం

ట్రే ముందు పలక మీద, బటన్‌కి కాస్త దగ్గర్లో, గుండుసూది తలంత రంధ్రం ఒకటి ఉంటుంది. మైక్ కోసమో గాలి కోసమో అనుకుని చాలామంది దాన్ని పట్టించుకోరు. సరిగ్గా ఇలాంటి అవసరానికే దాన్ని పెట్టారు. డిస్క్ లోపల ఉండగా కరెంటు పోతే తీసుకునే దారీ అదే.

1. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర ప్లగ్ పీకేయండి. 52 ఎక్స్ సీడీ డ్రైవ్‌లో డిస్క్ పూర్తి వేగం అందుకుంటే నిమిషానికి దాదాపు 10,000 చుట్లు తిరుగుతుంది. అది తిరుగుతుండగా ట్రేని లాగితే డిస్క్ మీద గుండ్రటి గీత పడుతుంది, ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఒక నిమిషం ఆగండి.

2. పెద్దసైజు జెమ్ క్లిప్ తీసుకుని ఒక చివరను సాపుగా, తిన్నగా విప్పండి. ఐదారు సెంటీమీటర్ల తిన్నటి కడ్డీ కావాలి. ఫోన్‌తో వచ్చే సిమ్ పిన్ను చాలా డ్రైవ్‌లకు పొట్టిదైపోతుంది. చీపురుపుల్ల, అగరొత్తి పుల్ల జోలికి మాత్రం వెళ్లకండి. నేనోసారి తొందరపడి అగరొత్తి పుల్ల దూర్చాను. అది లోపలే విరిగింది. డిస్క్ తీయడానికి పట్టిన సమయం పది నిమిషాలు, పుల్ల ముక్క తీయడానికి పట్టింది ఒక ఆదివారం.

3. క్యాబినెట్ ముందువైపు డ్రైవ్‌ని కప్పుతూ ప్లాస్టిక్ తలుపు ఉంటే కిందికి వంచి పట్టుకోండి. పాత డ్రైవ్‌లకు హెడ్‌ఫోన్ పెట్టుకునే పెద్ద రంధ్రం కూడా ఉండేది, దానిలో గుచ్చకండి. మనకు కావాల్సింది అతి చిన్నది.

4. కడ్డీని ఎటూ వంచకుండా తిన్నగా లోపలికి పంపండి. రెండు మూడు సెంటీమీటర్లు వెళ్లాక ఏదో తగిలినట్టు, స్ప్రింగ్‌ని నొక్కినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆగిపోకుండా ఇంకాస్త గట్టిగా తోయండి. ట్రే ఓ సెంటీమీటరు ముందుకొస్తుంది. అక్కడినుంచి గోళ్లతో అంచు పట్టుకుని మెల్లగా లాగండి. పళ్లచక్రాలు వెనక్కి తిరుగుతూ కరకరమంటాయి, భయపడకండి.

ట్రే సగంలో ఆగిందంటే బలం పెంచకండి. డిస్క్ పైకి లేచి తట్టుకుంటోందన్నమాట. ట్రేని కాస్త వెనక్కి తోసి, ఏ పాత శుభలేఖ అట్టనో రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి, డిస్క్ పైనుంచి జారవిడిచి కిందికి అదుముతూ మళ్లీ లాగండి. స్టిక్కర్ లేచిన డిస్కులు సాధారణంగా దీనికి లొంగుతాయి.

ట్రే మొత్తం వచ్చి అందులో డిస్క్ లేకపోతే? అది అయస్కాంతం బిళ్లకు అతుక్కుని పైనే ఉండిపోయి ఉంటుంది, వెనక్కి జారి అయినా ఉంటుంది. లేదంటే అసలు డ్రైవ్‌లోకే వెళ్లలేదు! డ్రైవ్‌కీ పక్కనున్న ప్లాస్టిక్ పలకకీ మధ్య సందులో డిస్క్ దూర్చేసి, డ్రైవ్ మింగేసిందని బాధపడ్డవాళ్లు ఉన్నారు. క్యాబినెట్ మూత తీసి చూస్తే అది అడుగున పడి ఉంటుంది.

నిజంగానే లోపల ఉండిపోతే డ్రైవ్‌ని విప్పాల్సిందే. క్యాబినెట్‌కి పట్టి ఉంచే పక్క స్క్రూలు, వెనక రెండు కేబుళ్లు తీస్తే డ్రైవ్ ముందుకు జారి బయటికొస్తుంది. బోర్లా తిప్పితే అడుగు రేకుకు సాధారణంగా నాలుగు చిన్న స్టార్ స్క్రూలుంటాయి. అవి విప్పి, ముందు పలక ఊడదీసి, పై రేకు తీస్తే డిస్క్ చేతికందుతుంది. గాజు కన్నులా మెరిసే లెన్స్‌ని ముట్టుకోకండి. మూత తీసి ఉన్న డ్రైవ్‌కి కరెంటు ఇవ్వకండి. అందులో లేజర్ ఉంటుంది, కళ్లకు ప్రమాదం.

లాప్‌టాప్ డ్రైవ్ తీరు వేరు

లాప్‌టాప్ ట్రేని మోటార్ తోయదు. కొక్కెం విడిపోతే స్ప్రింగ్ దాన్ని కాస్త ముందుకు నెడుతుంది, మిగతాది మనమే లాగాలి. రంధ్రం కూడా లోతు తక్కువ, కాబట్టి ఇక్కడ సిమ్ పిన్ను పనిచేయొచ్చు. చార్జర్ పీకి, బ్యాటరీ ఊడివచ్చే రకమైతే అదీ తీశాక మొదలుపెట్టండి.

ఇంకో తేడా ఉంది. డెస్క్‌టాప్ ట్రేలో డిస్క్ ఊరికే పడి ఉంటుంది. లాప్‌టాప్‌లో నడిమి ఇరుసుకు చిన్న పళ్లుండి డిస్క్‌ని టక్కున పట్టుకుంటాయి. అంచు పట్టుకుని పైకి లాగితే డిస్క్ విల్లులా వంగుతుంది, పాతదైతే రంధ్రం చుట్టూ బీటలు వారుతుంది. బొటనవేలితో ఇరుసును కిందికి నొక్కుతూ, మిగతా వేళ్లతో అంచును లేపండి. రంధ్రంతో పని జరగకపోతే లాప్‌టాప్‌ని తిరగేసి చూడండి. చాలా మోడళ్లలో డ్రైవ్ మొత్తాన్ని ఒకే ఒక్క స్క్రూ పట్టి ఉంచుతుంది. అది తీస్తే డ్రైవ్ సొరుగులా పక్కకు జారి వస్తుంది.

ట్రే లేని, సందులోకి మింగే రకం

యాపిల్ వారి పాత మ్యాక్‌బుక్ ప్రోలు, ఐమ్యాక్‌లు ఇలాంటివి. వీటికి జెమ్ క్లిప్ రంధ్రం ఉండదు. ఇంటెల్ మ్యాక్‌ని రీస్టార్ట్ చేసి, ట్యూన్ వినిపించినప్పటి నుంచి మౌస్ బటన్‌ని, లాప్‌టాప్ అయితే ట్రాక్‌ప్యాడ్ బటన్‌ని నొక్కిపట్టి ఉంచండి. సిస్టమ్ మొదలయ్యేలోపే డిస్క్‌ని బయటికి తోసేస్తుంది. లాప్‌టాప్‌లో బయటికి రాబోయి ఆగిపోతుంటే, సందు నేలవైపు ఉండేలా ఏటవాలుగా పట్టుకుని మళ్లీ ఈజెక్ట్ నొక్కండి. అలసిపోయిన రోలర్లకు భూమ్యాకర్షణ కాస్త సాయం చేస్తుంది. అంచు కనబడ్డాక కూడా పట్టకారుతో పట్టకండి, వేళ్లతోనే లాగండి. సందులో కత్తులు, స్కేళ్లు దూర్చితే ముందు పోయేది రోలర్, తర్వాత లెన్స్.

చిన్న డిస్కుల గురించి ఒక హెచ్చరిక. మామూలు డిస్క్ వ్యాసం 12 సెంటీమీటర్లు. 8 సెంటీమీటర్ల బుల్లి డిస్కులు ట్రే మధ్యలోని గుంటలో హాయిగా కూర్చుంటాయి గానీ, ఇలాంటి సందు డ్రైవ్‌లలో వేస్తే చాలావాటిలో అడ్డం తిరిగి చిక్కుకుంటాయి. నింటెండో వీ (Wii) గేమ్ కన్సోల్ మొదటి మోడల్ ఇందుకు మినహాయింపు, అంతకుముందు వచ్చిన గేమ్‌క్యూబ్ కన్సోల్ బుల్లి డిస్కుల కోసం దాని డ్రైవ్‌ని ప్రత్యేకంగా తయారుచేశారు.

గేమ్ కన్సోళ్లు

ముందుగా, కన్సోల్ రెస్ట్ మోడ్‌లో, అంటే పూర్తిగా ఆగకుండా నిద్రలో, ఉందేమో చూడండి. ప్లేస్టేషన్ 4లో గేమ్ బొమ్మ మీదికి వెళ్లి ఆప్షన్స్ బటన్ నొక్కితే డిస్క్‌ని ఈజెక్ట్ చేసే ఎంపిక వస్తుంది. అది పనిచేయకపోతే పవర్ బటన్‌ని రెండో బీప్ వినిపించేదాకా, అంటే సుమారు ఏడు సెకన్లు, నొక్కిపట్టి పూర్తిగా ఆపండి. ప్లగ్ తీసి కాసేపు ఉంచి, మళ్లీ పెట్టి ప్రయత్నించండి.

దానికీ లొంగకపోతే ప్లేస్టేషన్ 4లో చేత్తో తిప్పి డిస్క్ తీసే స్క్రూ ఒకటి లోపల ఉంది. అది ఎక్కడుందో, ఎటు తిప్పాలో 2013 నాటి మొదటి మోడల్‌కీ, 2016లో వచ్చిన స్లిమ్, ప్రో మోడళ్లకీ ఒకేలా చూపించరు. వెనక స్టిక్కర్ మీద సీయూహెచ్ (CUH) అని మొదలయ్యే మోడల్ నంబర్ రాసుకుని, సోనీ సహాయ పేజీలో ఆ నంబర్‌కి ఇచ్చిన బొమ్మ చూసి చేయండి. ప్లగ్, కేబుళ్లన్నీ తీశాకే మొదలుపెట్టాలి. పొడవాటి స్టార్ స్క్రూడ్రైవర్ కావాలి. చాలా చుట్లు తిప్పితే గానీ డిస్క్ అంచు కనబడదు, నాలుగు తిప్పుళ్లకే పాడైందని నిర్ణయించేయకండి. బిగుసుకుంటే మాత్రం ఆపేయండి.

మొదటి ప్లేస్టేషన్ 4కి ఇంకో చిత్రమైన జబ్బు ఉంది, డిస్క్ ఇరుక్కోవడానికి పూర్తి వ్యతిరేకం. ఎవరూ ముట్టుకోకుండానే బీప్ బీప్‌మంటూ డిస్క్‌ని బయటికి తోసేస్తుంటుంది. ఈజెక్ట్ బటన్ స్పర్శతో పనిచేసే రకం కావడం, దాని కిందే ఉన్న రబ్బర్ కాలు పైకి నెట్టుకురావడం దీనికి పేరుమోసిన కారణం. దయ్యం పట్టిందని పిల్లలు హడలిపోతే ముందు ఆ రబ్బర్ కాలు చూడండి.

ఎక్స్‌బాక్స్ 360 ట్రే రకమే. ముందు ప్లాస్టిక్ పలకను ఊడదీస్తే ట్రే పక్కన చిన్న రంధ్రం కనిపిస్తుంది, జెమ్ క్లిప్ పద్ధతే. 2013 నాటి ఎక్స్‌బాక్స్ వన్ సందు రకమైనా, పక్క గోడ మీది గాలి కన్నాల వెనక ఇలాంటి రంధ్రం ఉంది. కడ్డీ నాలుగు సెంటీమీటర్లన్నా ఉండాలి. ఏ కన్సోల్ అయినా డిస్క్ తిరుగుతుండగా అడ్డం నుంచి నిలువుకి తిప్పకండి. 360లో గుండ్రటి గీతలతో పోయిన డిస్కులకు ఇది పెద్ద కారణం.

పిల్లలున్న ఇల్లయితే సందులోకి టార్చ్ వేసి చూడటం మరవకండి. రూపాయి బిళ్ల, రెండో డిస్క్, బిస్కెట్ ముక్క... ఏదైనా ఉండొచ్చు. ఒక డిస్క్ మీద ఇంకోటి తోసి ఉంటే ఈజెక్ట్ మోటార్‌ని అదేపనిగా తిప్పకుండా, వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కి, లేకపోతే కన్సోళ్లు విప్పి అలవాటున్న మెకానిక్‌కి ఇచ్చేయండి. నా మాటగా చెబుతున్నా, కన్సోల్ విప్పడం ఆ రోజే మొదటిసారి నేర్చుకోవాల్సిన విద్య కాదు.

డిస్క్ లోపలే పగిలితే

రంధ్రం దగ్గర సన్నటి బీట ఉన్న డిస్క్, వేగం అందుకున్నాక తునకలైపోవచ్చు. కరెంటు తీసేయండి. డ్రైవ్‌ని విప్పేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, వేళ్లతో తడమకండి. ముక్కల అంచులు బ్లేడులా కోస్తాయి. బోర్లించి మెల్లగా తట్టి రాల్చండి. లెన్స్ మీద ఒక్క తునక తగిలినా ఆ డ్రైవ్ అయిపోయినట్టే, కాబట్టి మళ్లీ విలువైన డిస్క్ అందులో పెట్టకండి.

డిస్క్ చేతికొచ్చాక

మెత్తటి నూలుగుడ్డతో నడిమి నుంచి అంచు వరకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ కాదు. తిన్నటి గీత పడితే డ్రైవ్ తట్టుకోగలదు, డేటా వెంటే సాగే గుండ్రటి గీతను తట్టుకోలేదు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి, అందులోని ఎసిటోన్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. టూత్‌పేస్ట్ చిట్కా కూడా బ్లూ-రే మీద ప్రయోగించకండి. అందులో డేటా పొర ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు దిగువనే ఉంటుంది.

లేచిపోయిన స్టిక్కర్‌ని పీకేయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. డీవీడీలో డేటా రెండు పలుచటి ప్లాస్టిక్ బిళ్లల నడుమ ఉంటుంది కాబట్టి కొంత నయం. సీడీలోనూ అంతకుముందు తరం పెళ్లిళ్ల వీసీడీల్లోనూ మెరిసే పొర సరిగ్గా స్టిక్కర్ కిందే ఉంటుంది. స్టిక్కర్‌తో పాటు పొర ఊడొస్తే, వెలుతురుకి పట్టుకుంటే అవతలి గోడ కనిపిస్తుంది. తలంబ్రాలు అందులోనే పోతాయి. లేచిన ముక్కను మాత్రమే కత్తెరతో కత్తిరించండి.

ఆ వెంటనే, బంధువులకు ఫోన్ చేసి చెప్పకముందే, కాపీ చేసేయండి. ఇంకో మంచి డ్రైవ్‌లో డిస్క్ పెట్టి, డీవీడీ అయితే వీడియో టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగండి. మామూలు డీవీడీ 4.7 జీబీకి మించదు, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. వీసీడీ అయితే ఎంపెగ్ ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్‌లో పేరు చివర DAT అని ఉండే వీడియో ఫైళ్లుంటాయి. రెండూ వీఎల్‌సీలో ఆడతాయి. మధ్యలో ఎర్రర్ వస్తే ఆ ఒక్క ఫైల్ వదిలేసి మిగతావి తెచ్చుకోండి, వదిలేసినదాన్ని వేరే డ్రైవ్‌లో ప్రయత్నించండి. ఒక లేజర్ చదవలేనిది ఇంకోటి చదివేయడం తరచూ జరిగేదే.

ఇక బెల్ట్ సాగిన ఆ పాత డ్రైవ్. కంప్యూటర్‌ని మళ్లీ అటక ఎక్కించే ముందు దాని ట్రేలో పనికిరాని డిస్క్ ఒకటి పెట్టి మూయండి. మధ్యలో డిస్క్ లేకపోతే అయస్కాంతం ఇరుసుకు మరింత దగ్గరై ఇంకా గట్టిగా పట్టేస్తుంది. అందుకే ఇలాంటి డ్రైవ్‌లు డిస్క్ ఉన్నప్పుడు తెరుచుకుని, ఖాళీగా ఉన్నప్పుడు మొరాయిస్తాయి.